జడరొట్టె దాటిన రోడ్డు

మేముండే ద పాండ్స్ అనే పేటలో మా తెలుగువాళ్ళ ఆరాధన ఒక స్కూలు హాల్లో జరుగుతుంది. పోయిన ఏడాది దాకా ఒకటే సంఘం. ఏదో మాటా మాటా పెరిగి రెండయింది. ఇప్పుడు పొద్దున మేము, మధ్యాహ్నం వాళ్ళు. హాలు అదే, కుర్చీలూ అవే. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక నేను కుర్చీలు మడవబోతుంటే మా మనవరాలు వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అమ్మమ్మా, డోంట్ ఫోల్డ్ దెమ్. దే ఆర్ కమింగ్ ఎనీవే, నో? వై కాంట్ వీ జస్ట్ స్టే?"

"మనం వేరు, వాళ్ళు వేరు కదమ్మా," అన్నాను.

"హౌ ఈజ్ ఇట్ వేరు?" అంది.

నవ్వేశాను. నవ్వుతుంటే నాకు ఆ ద్రాక్షతోటల ఊరు గుర్తొచ్చింది. ఎదురెదురుగా నిలబడిన రెండు గుళ్ళు గుర్తొచ్చాయి. ఆ ఒక్క శరత్కాలం తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు నిండినట్టు ఉంటుంది.

నేను బడికి వెళ్ళి చదివింది చాలా తక్కువ. చిన్నప్పుడు తరచూ జ్వరాలు రావడం వల్ల గోదావరి జిల్లాలో మా అమ్మమ్మే నన్ను ఇంట్లో కూర్చోబెట్టి చదివించింది. అక్షరాలు బైబిల్లో దిద్దాను. లెక్కలు మా తాతగారు వాకిట్లో ముగ్గుపిండితో చెప్పారు. పరీక్షలకు ప్రైవేటుగా కట్టాను. అలాంటి నాకు ఎడిలైడ్‌లో యూనివర్సిటీలో సీటు వచ్చిందంటే అది ప్రభువు కృప కాక మరేమిటి? మా పిన్నీ బాబాయీ అప్పటికే అక్కడికి గంటన్నర దూరంలో ఉన్న చిన్న ఊళ్ళో ఉండేవారు. బాబాయి ఆ ఊరి ఆసుపత్రిలో డాక్టరు. వారమంతా నేను హాస్టల్లో ఉండి శుక్రవారం సాయంత్రం బస్సెక్కి పిన్ని దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని.

బస్సు దిగగానే ముక్కుకి తగిలేది ద్రాక్ష పులిసే వాసన. మార్చి నెల, అక్కడ అది శరత్కాలం. ఊరంతా కోతలే. ట్రాక్టర్ల వెనక తొట్లలో నల్లటి గుత్తులు, వాటి మీద తేనెటీగలు, రోడ్డు మీద కారిన రసానికి చెప్పులు అంటుకుని టపటపమనేవి. దానికి తోడు ఏదో ఒక ఇంటి వెనక మాంసం పొగబెట్టే వాసన. పిన్ని ముక్కు మూసుకుని నవ్వేది. "మనూళ్ళో కొత్తబెల్లం వాసన వచ్చే రోజుల్లో ఇక్కడ ఇదే," అనేది.

మేము లూథరన్ వాళ్ళం. తాతముత్తాతల నుంచీ అదే గుడి. ఆ ఊళ్ళో కూడా లూథరన్ గుడి ఉందని తెలిసి పిన్నీ బాబాయీ సంబరపడి వెళ్ళారట. తీరా చూస్తే ఒకటి కాదు, రెండున్నాయి. రోడ్డుకి ఇటు ఎర్ర ఇటుకల గుడి, అటు తెల్లరాతి గుడి. బోర్డుల మీద ఒకే పేరు. ఆదివారం పొద్దున రెండు గంటలూ ఒకేసారి మోగేవి, ఒకదాని మీద ఒకటి పోటీ పడుతున్నట్టు.

"నేను డాక్టర్ని. రెండు గుళ్ళలోనూ నాకు పేషెంట్లున్నారు. ఒకళ్ళ బీపీ చూసి ఇంకొకళ్ళ బీపీ పెంచలేను," అన్నాడు బాబాయి. అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఒక ఆదివారం ఎర్రగుడి, తరువాతి ఆదివారం తెల్లగుడి. "ఈ వారం గుడి" అంటే ఏ గుడో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ ఊళ్ళో అలా చేసే కుటుంబం మరొకటి లేదని మాత్రం నాకు తెలియదు.

పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేది. భర్త పోయి చాలా కాలమైంది. మేము ఆమెను ఆంటీ అనేవాళ్ళం. పొడుగ్గా, నిటారుగా, కణుపులు తేలిన పెద్ద చేతులతో ఉండేది. ఆమెకి అబద్ధం చెప్పడం రాదు. పిన్ని ప్రేమగా సాంబారు పట్టుకెళితే రెండు చెంచాలు తాగి, "చాలా కారంగా ఉంది. నాకు నచ్చలేదు. నువ్వు తెచ్చావు చూడు, అది నచ్చింది," అంది. పిన్ని ఇంటికొచ్చి పడీ పడీ నవ్వింది. ఆ మరుసటి వారం నుంచి ఆవకాయ ఇచ్చి ఆవిడ దగ్గర ఉప్పునీళ్ళలో ఊరేసిన దోసకాయలు తెచ్చుకునేది. ఆవకాయ మాత్రం ఆంటీకి నచ్చింది. రొట్టె మీద వెన్న రాసి, దాని మీద ఆవకాయ పులిమి తినేది.

శనివారం పొద్దున ఆమె వరండాలో కూర్చుని నేను దోసకాయలు తుడిచి ఇస్తుంటే ఆమె సీసాల్లో పేర్చేది. పని అయ్యాక వెన్నా పంచదారా పిండీ కలిపి పైన పొడిపొడిగా చల్లి కాల్చిన ఈస్టు కేకు ఒక పళ్ళెం నిండా ఇచ్చి పిన్నికి ఇమ్మనేది. మా ఇంటి గుమ్మం చేరేసరికి కేకు మీద పొడి సగం ఉండేది కాదు. "దారిలో గాలి బాగా వేసింది పిన్నీ," అనేదాన్ని. "నీ మూతికి కూడా వేసినట్టుంది," అనేది పిన్ని.

ఆ వరండాలోనే ఆంటీ తమ వాళ్ళ కథ చెప్పింది. వాళ్ళ పాత దేశంలో చర్చి రాజుగారిదట. రాజుగారు రెండు రకాల సంఘాలని కలిపేసి, ఇకనుంచి అందరికీ ఒకటే ప్రార్థన పుస్తకం, నేను చెప్పిందే ఆరాధన అన్నాడట. ఈమె ముత్తాతల వాళ్ళు ఒప్పుకోలేదు. పాస్టర్లని జైల్లో పెట్టారు. జనం అడవుల్లో, పశువుల కొట్టాల్లో దొంగచాటుగా ఆరాధన చేసుకున్నారు. చివరికి పొలాలూ ఇళ్ళూ అమ్ముకుని ఊళ్ళకి ఊళ్ళు ఓడ ఎక్కేశాయి.

"ఓడ మీద పసిపిల్లలు పోయారు. సముద్రంలో వదిలి, పాట పాడి, మళ్ళీ ప్రయాణం చేశారు," అంది. "మన మనస్సాక్షి మీద రాజుకి అధికారం లేదు అని నిరూపించడానికి ఇంత దూరం వచ్చాం."

మా ముత్తాత బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఊరు ఊరంతా ఆయన్ని బావి దగ్గరికి రానివ్వలేదని అమ్మమ్మ చెప్పేది. ఆ మాటే ఆంటీకి చెప్పాను. ఆమె దోసకాయ పక్కన పెట్టి, తడిచేత్తో నా చెయ్యి పట్టుకుంది.

"మరి అంత కష్టపడి వచ్చి ఇక్కడ రెండు గుళ్ళెందుకు కట్టారు ఆంటీ?" అని అడిగాను.

ఆమె పెదాలు బిగించింది. "వచ్చాక మళ్ళీ విడిపోయాం," అని సీసా మూత గట్టిగా తిప్పింది.

మిగతాది పిన్ని చెప్పింది. ఇక్కడికొచ్చాక పాస్టర్ల మధ్య లోకాంతంలో రాబోయే వెయ్యేళ్ళ పరిపాలన ఎలా ఉంటుందన్న దాని మీద తగువు వచ్చిందట. సంఘం రెండుగా చీలింది. "వెయ్యేళ్ళ గురించి వందేళ్ళు దెబ్బలాడుకున్నారు, పాపం," అన్నాడు బాబాయి. ఈ మధ్యనే పైనున్న పెద్దలు కూర్చుని మాట్లాడుకుని ఒక్కటైపోయారు. రెండు గుళ్ళకీ ఒకే పేరు బోర్డులు పెట్టారు. కానీ బోర్డులు కలిసినంత తేలిగ్గా మనుషులు కలవలేదు.

"అసలు సంగతి చెప్పనా?" అంది పిన్ని, గొంతు తగ్గించి. "మన ఆంటీకి సొంత చెల్లెలుందే ఈ ఊళ్ళోనే. అవతలి గుడి అబ్బాయిని చేసుకుందిట. వీళ్ళ నాన్న తలుపేసేశాడు. అప్పట్నుంచీ అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు. కొట్లో ఎదురుపడినా పక్కకి తిరిగి వెళ్ళిపోతారు. ఇద్దరికీ మనవలు పెళ్ళికెదిగారు."

"అయ్యో! ఇప్పుడైనా వెళ్ళి పలకరించొచ్చు కదా పిన్నీ?"

"ఎవరు ముందు? అదే కదా వచ్చిన చిక్కు. పైగా ఈ కోతలవగానే ఆంటీని వాళ్ళబ్బాయి సిటీకి తీసుకుపోతున్నాడు. ఇల్లు అమ్మకానికి పెట్టారు. ఈ నెల్లో మాట కలవకపోతే ఇంక ఈ జన్మకి లేనట్టే."

ఆ రాత్రి పడుకునే ముందు మోకరించి ఆ అక్కాచెల్లెళ్ళ కోసం ప్రార్థన చేశాను. ఏ గుడి ఎవరిదో మాత్రం పిన్ని చెప్పలేదు, నేను అడగలేదు. ఆంటీ ఆదివారం మాకంటే ముందే ఎవరిదో కారెక్కి వెళ్ళిపోయేది. మేము గుడిలో ఆఖరి వరసలో కూర్చుని, అవగానే బాబాయి డ్యూటీ కోసం ముందే వచ్చేసేవాళ్ళం కనుక ముందు వరసల వాళ్ళ టోపీలే తప్ప మొహాలు నాకు కనిపించేవి కావు.

తరువాతి వారం కోత పండుగ. రెండు గుళ్ళలోనూ ఒకే రోజు, ఒకే వేళకి. నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఊళ్ళో కోత పండుగంటే గుడి ముందు గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, ఆరాధన అయ్యాక వేలంపాట. మా అమ్మమ్మ తను తెచ్చిన గుమ్మడికాయని తనే పాట పాడి ఇంటికి తీసుకొచ్చేది, ఇంకొకళ్ళ కూరలోకి పోవడం ఇష్టంలేక. ఇక్కడ వేలంపాట లేదన్నారు. ముందురోజే అన్నీ తెచ్చి బలిపీఠం దగ్గర అలంకరిస్తారట.

శనివారం మధ్యాహ్నం ఆంటీ పిలిచింది. ఇంట్లో సామానంతా పెట్టెల్లోకి ఎక్కుతోంది. వంగీ లేచీ మోకాలు వాచి, కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది. బల్ల మీద ఒక పెద్ద రొట్టె. పిండిని మూడు పాయలుగా చేసి జడలా అల్లి, కొసన పిండితోనే ద్రాక్షగుత్తి చేసి అతికించి, గుడ్డుసొన పూసి కాల్చింది. బంగారంలా మెరుస్తోంది.

"మా అమ్మ నేర్పింది. ఏటా నేనే పట్టుకెళతాను. ఈ ఏడు ఆఖరు," అంది. "కాస్త గుడిలో పెట్టి రా డియర్. మధ్యలో చోటు ఉంచుతారు."

వెచ్చటి రొట్టెని పసిబిడ్డలా ఎత్తుకుని బయల్దేరాను. ఈస్టు వాసన, వెన్న వాసన, రోడ్డంతా ద్రాక్ష వాసన. పాడుకుంటూ నడిచాను. ఆ వారం మా ఇంట్లో వంతు తెల్లగుడిది. నా కాళ్ళు వాటంతటవే తెల్లగుడి మెట్లెక్కేశాయి.

లోపల ఎవరూ లేరు. మెట్ల మీద గుమ్మడికాయలు, జామ్ సీసాలు, గోధుమ కంకులు, ద్రాక్షగుత్తులు. మధ్యలో చోటు ఖాళీగా ఉంది. రొట్టె అక్కడ పెట్టి రెండడుగులు వెనక్కి వేసి చూసి మురిసిపోతుంటే వెనక తలుపు చప్పుడైంది. పొట్టిగా, గుండ్రంగా ఉన్న ఒక ముసలమ్మ ఏదో గుడ్డ కప్పిన పళ్ళెం పట్టుకుని వచ్చింది. నా రొట్టెని చూసి ఉన్నచోటే ఆగిపోయింది. మెల్లగా తన పళ్ళెం మీద గుడ్డ తీసింది. లోపల అచ్చం అలాంటి రొట్టే. అదే మూడు పాయల జడ, కొసన అదే ద్రాక్షగుత్తి.

"ఇది ఎవరు పంపారు?" అంది.

నేను ఆంటీ పేరు చెప్పాను. ఆమె ముందు బల్ల మీద కూర్చుండిపోయింది.

మాలో ఒక అలవాటుంది. ఎవరి చేతికైనా ఏదైనా ఇస్తే ఊరికే ఇచ్చి రాము. ఫలానా వాళ్ళు మీకు ఇమ్మన్నారండి, మిమ్మల్ని అడిగానని చెప్పమన్నారండి అని రెండు మాటలు కలుపుతాం. కలపకపోతే మా అమ్మమ్మ మొట్టికాయ వేసేది. అందుకని నేను ఆలోచించకుండా, "మీకే ఇమ్మన్నారండీ," అన్నాను.

"నాకా? నాకని చెప్పిందా?"

"మీకేనండీ. ఒంట్లో ఎలా ఉందో కనుక్కోమన్నారు."

ఆమె కణుపులు తేలిన చేతులతో మొహం కప్పుకుంది. ఆ చేతులు నేనెక్కడో చూశాను అనిపించింది. కానీ ఆ రోజుల్లో నాకు తెల్ల ముసలమ్మలంతా ఒకేలా కనిపించేవారు. పండుగ కదా, సంతోషంతో ఏడుస్తోంది కాబోలనుకుని, వందనాలు చెప్పి వచ్చేశాను. ఆంటీకి "పెట్టేశాను" అని కిటికీలోంచి కేకేసి, వెనకగదిలో ఆమె పెట్టెలు కట్టడానికి వెళ్ళాను.

మర్నాడు మేము తెల్లగుడిలో కూర్చున్నాం. బలిపీఠం ముందు రెండు జడరొట్టెలు పక్కపక్కన. జనం ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడుతున్నారు. నేను పిన్ని వైపు వంగి, "ఎడంపక్కది మన ఆంటీదే. నిన్న నేనే తెచ్చాను. ఆంటీ ఇంకా రాలేదేంటి?" అన్నాను.

బాబాయి మెడ తిప్పి నా వంక చూశాడు. "ఆంటీ ఇక్కడికెందుకొస్తుందే? ఆవిడది ఎర్రగుడి!"

"మరి ఇక్కడ ఎవరికిచ్చావు?" అంది పిన్ని.

నేను ముందు వరసలో ఉన్న పొట్టి ముసలమ్మని చూపించాను. పిన్ని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఓసి నా తల్లో! ఆవిడే చెల్లెలు. ఏం చెప్పి ఇచ్చావ్?"

చెప్పాను. పిన్ని కళ్ళు మూసుకుంది. బాబాయి పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, నవ్వుకో భయానికో తెలియదు.

ఆరాధనలో ఒక్క మాట నా చెవికెక్కలేదు. రొట్టె కనపడక అవతల ఆంటీ ఎంత కంగారు పడుతోందో! ఆమెకి అబద్ధం రాదు. నేను పంపలేదు అంటుంది. ఇన్నేళ్ళకి అక్క తనని అడిగిందని రాత్రంతా సంతోషపడిన ఈ చెల్లెలి గతి ఏమిటి? తలుపు మొదటిసారి వాళ్ళ నాన్న వేశాడు. రెండోసారి నా నోటివల్ల పడుతుంది. ప్రభువా, నేను తెలియక చేశాను, నువ్వే సర్దు అని వేళ్ళు నొప్పెట్టేలా చేతులు బిగించి వేడుకున్నాను.

ఆఖరి పాట అవగానే చెల్లెలు లేచింది. బలిపీఠం దగ్గరికి వెళ్ళి, అక్క రొట్టెని అక్కడే ఉంచి, తన రొట్టెని ఎత్తుకుంది. ఎవరి వంకా చూడకుండా గుడి బయటికి నడిచింది. మేమంతా వెనకే వెళ్ళాం. ఆమె రోడ్డు దాటింది. అటునుంచి వస్తున్న ద్రాక్ష ట్రాక్టరు ఆగింది. నడిపే అతను టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ ఊళ్ళో అందరికీ తెలుసు, ఆమె పెళ్ళయినప్పటినుంచి ఆ మెట్లెక్కలేదని.

ఎర్రగుడిలో పాస్టరు గారు ఇంకా దీవెన చెబుతున్నారు. ఆయన ప్రసంగం ఎప్పుడూ పొడుగే. చెల్లెలు మధ్య దారిలో నడిచి వెళ్ళి, ఖాళీగా ఉన్న చోట తన రొట్టె పెట్టింది. ముందు వరసలో ఆంటీ కర్ర ఊతంగా లేచి నిలబడింది. పాస్టరు గారి చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది.

"నువ్వు పంపింది మా గుడిలో ఉంది. ఇది నాది," అంది చెల్లెలు. "నాకు ఒంట్లో బాగానే ఉంది. అడిగావటగా."

ఆంటీకి అర్థం కాలేదు. ఆమె కళ్ళు మెల్లగా జనం మీదుగా తిరిగి, గుమ్మంలో పిన్ని చీరకొంగు పట్టుకుని నిలబడ్డ నా మీద ఆగాయి. నా మొహంలో ఏం కనిపించిందో.

"అవును," అంది ఆంటీ. "అడిగాను."

చెల్లెలు పెదాలు కొరుక్కుంది. ఆంటీ వంగి ఆ రొట్టెని వేలితో నొక్కి చూసింది.

"జడ ఇంకా వదులుగానే అల్లుతున్నావు."

"నీది ఎప్పుడూ అడుగు మాడుతుంది. నిన్న తిప్పి చూశాను."

బల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు గుడంతా పాకింది. ఆంటీ కర్ర కింద పడిపోయింది, ఇద్దరిలో ఎవరూ దాన్ని తియ్యలేదు, నాలుగు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. పాస్టరు గారు దీవెన మొదటినుంచి మళ్ళీ చెప్పారు. ఆ రోజు ఆ పొడుగు ఎవరికీ బరువనిపించలేదు.

మధ్యాహ్నం రెండు రొట్టెలూ ఎర్రగుడి వెనక చెట్టుకింద బల్ల మీదికి వచ్చాయి. తెల్లగుడి వాళ్ళు పొగబెట్టిన మాంసం, ఊరేసిన దోసకాయలు తెచ్చారు. పిన్ని ఇంటికి పరుగెత్తి పులిహోర కలుపుకొచ్చింది. ఇరుపక్కల వాళ్ళూ ఇది మిరియమా, ఇది మిరపకాయా అని అడుగుతూ అంతా ఊడ్చేశారు. నేను అందరి కళ్ళూ తప్పించుకుని ఒక మూల కూర్చుంటే ఆంటీ వచ్చి పక్కన కూర్చుంది.

"ఆంటీ, నన్ను క్షమించండి. మీరు నాకోసం అబద్ధం..."

"అబద్ధం కాదు," అంది ఆమె కోపంగా. "ఎన్నేళ్ళుగా అడగాలనుకుంటున్నానో దేవుడికి తెలుసు. నాకు నోరు రాలేదు. నీకు వచ్చింది." ఆగి, "గుడి మాత్రం తప్పు. అది తప్పే," అని నా పళ్ళెంలో ఇంకో ముక్క రొట్టె వేసింది.

ఆ తరువాత ఆంటీ సిటీ ప్రయాణం ఆగిపోయిందని చెప్పగలిగితే బాగుండేది. ఆగలేదు. ఇల్లు అమ్ముడైంది, కోతలైపోయాయి, ద్రాక్ష ఆకులు ఎర్రబడ్డాయి. కానీ ఉన్న ఆ కొద్ది వారాలూ చెల్లెలు పొద్దున్నే వచ్చేసేది. ఇద్దరూ అమ్మ గిన్నెలు పంచుకున్నారు, మళ్ళీ మార్చుకున్నారు, మళ్ళీ తగువు పడ్డారు. శనివారాలు నన్ను మధ్యలో కూర్చోబెట్టి జడ అల్లడం నేర్పారు. ఒకరు బిగించమంటే ఒకరు వదలమనేవారు. నా రొట్టె ఇప్పటికీ ఒక పక్క బిగువుగా, ఒక పక్క వదులుగా వస్తుంది. మా అమ్మాయి ఎగతాళి చేస్తే, అది ఇద్దరు గురువుల చేతిపని అని చెబుతాను.

నా జీవితంలో దేవుడు నాకు చేసిన మేళ్ళు చాలా ఉన్నాయి. చదువిచ్చాడు, మంచి మనిషినిచ్చాడు, పిల్లల్నిచ్చాడు. అవన్నీ నేను అడిగినవే. ఆ ఆదివారం మాత్రం నేను అడిగిన దారిలో రాలేదు. నా తెలివితక్కువతనాన్నే దారిగా చేసుకుని వచ్చింది. అందుకే దాన్ని తలుచుకున్నప్పుడల్లా నవ్వుతూనే స్తోత్రం చెప్పుకుంటాను.

ఆంటీ ఊరు వదిలిన రోజు సోమవారం. నాకు యూనికి వెళ్ళాలి కనుక వాళ్ళ అబ్బాయి తన కారులోనే నన్నూ ఎక్కించుకున్నాడు. నేను ముందు సీట్లో. వెనక ఆంటీ, ఆమెని కొత్త ఇంట్లో దిగబెట్టి రెండు రోజులుండి వస్తానని చెల్లెలు. తోటలు దాటకముందే వాళ్ళు మొదలుపెట్టారు. తమ పాత భాషలో, గొంతులు లేస్తూ, ఒకరి మాట ఒకరు కోస్తూ, మధ్యలో చప్పట్లు చరుస్తూ, గుక్క తిప్పుకోకుండా వాదించుకుంటున్నారు. వాళ్ళబ్బాయి నా వంక చూసి, "సారీ," అని ఒక చేత్తో తల పట్టుకున్నాడు.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఎడిలైడ్ చేరేదాకా ఆ దెబ్బలాట ఆగకూడదని దారి పొడుగునా ప్రార్థన చేసుకున్నాను.